సార్‌ని తీసుకురండి మేడమ్!

నలభై మూడేళ్ళ వయసులో, నా జీతం డబ్బుతో, నా పేరుమీద నేను మొదటిసారి కారు కొనుక్కున్నాను. షోరూమ్‌కి నాతోపాటు మా తమ్ముడు వచ్చాడు. వాడికి కారు నడపటం రాదు. అయినా సేల్స్ కుర్రాడు ఇంజను గురించీ, మైలేజీ గురించీ, వారంటీ గురించీ అరగంటసేపు వాడికే చెప్పాడు. నావైపు తిరిగింది రెండేసార్లు. ఏ రంగు కావాలో అడగటానికి ఒకసారి, చెక్కుమీద సంతకం పెట్టించుకోవటానికి ఇంకోసారి.

అప్పుడు నవ్వుకున్నాను. ఇంటికి వచ్చి స్నేహితురాళ్ళకి చెప్పి నవ్వించాను కూడా. మూడు నెలల తర్వాత నవ్వు రాలేదు. పొద్దున్నే బండి తీసి రెండో గేరు వేస్తే లోపల ఏదో రాసుకున్నట్టు గరగరమని చప్పుడు మొదలైంది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. అక్కడి సలహాదారు బానెట్ అయినా ఎత్తకుండానే, "ఆడవాళ్ళు క్లచ్‌మీద కాలు తియ్యకుండా నడుపుతారు మేడమ్, అందుకే ప్లేటు అరిగిపోయుంటుంది. క్లచ్ ప్లేటు వారంటీలోకి రాదు" అన్నాడు. చప్పుడు క్లచ్ తొక్కినప్పుడు కాదు, గేరు పడేటప్పుడు వస్తోందని చెప్పాను. "మీకు అర్థం కాదు మేడమ్, ఒకసారి సార్‌ని తీసుకురండి, ఆయనకి చెప్తాం" అన్నాడు.

మా ఇంట్లో సార్ ఎవరూ లేరు. వున్నా ఆ కారు నడిపేది నేనే, చప్పుడు వినేదీ నేనే.

తర్వాత నేను చేసిన పని చెప్పటానికి సిగ్గుగానే వుంది. పదిహేనేళ్ళుగా విశ్వవిద్యాలయంలో జెండర్ గురించి పాఠాలు చెబుతున్నదాన్ని, ఇంటికి వచ్చి తమ్ముడికి ఫోన్ చేశాను. ఆ మేనేజరు వాడి స్నేహితుడికి బావమరిది. ఒక్క ఫోన్‌తో పని జరిగిపోయింది. మర్నాడు కారు తీసుకెళ్ళారు, సాయంత్రానికి కడిగి, తుడిచి, ఇంటి ముందు పెట్టి వెళ్ళారు. డబ్బు అడగలేదు. కాగితం కూడా ఏదీ ఇవ్వలేదు.

ఆరు వారాలకి చప్పుడు మళ్ళీ వచ్చింది. ఈసారి తమ్ముడి స్నేహితుడి బావమరిది ఇంకో వూరికి బదిలీ అయిపోయాడు. కొత్త మేనేజరు కంప్యూటర్‌లో చూసి, "మీ బండిమీద ఇలాంటి కంప్లెయింటు ఇంతకుముందు ఏమీ లేదు మేడమ్" అన్నాడు. క్లచ్ మార్చటానికి పద్ధెనిమిది వేలని చీటీ రాసిచ్చాడు.

స్త్రీల సలహా కేంద్రంలో చాలాకాలంగా పనిచేస్తున్న ఒక స్నేహితురాలికి ఇదంతా చెప్పాను. ఆమె ఒకే మాట అంది: "ఉపకారానికి రసీదు వుండదమ్మా."

ఈ వ్యాసం ఆ మాట గురించే.

ఈ పత్రికకి ఇదెందుకు?

కార్లు కొనుక్కునే ఆడవాళ్ళ కష్టాల గురించి ఈ పత్రికలో ఎందుకు అని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కూలి రేట్ల గురించీ, భూమి పట్టాల గురించీ, ఇళ్ళలో హింస గురించీ రాసే పేజీల మధ్య కారు గేరు గొడవ కొంచెం ఎబ్బెట్టుగానే కనిపిస్తుంది. కానీ కుట్టు మిషను కొన్నప్పుడూ, గ్రైండరు కొన్నప్పుడూ, డ్వాక్రా అప్పుతో ఆటో కొన్నప్పుడూ జరిగేది ఇదే. వస్తువు చెడిపోతే మొదట అనుమానించేది వస్తువుని కాదు, దాన్ని వాడిన స్త్రీని. "మీకు వాడటం రాలేదు" అనే మాట యంత్రం గురించిన నిర్ధారణలా వినిపిస్తుంది గానీ, నిజానికి అది మన గురించి ముందే వున్న తీర్పు.

వినియోగదారుల ఉద్యమానికీ స్త్రీలకీ వున్న సంబంధం కొత్తది కాదు. 1966లో బొంబాయిలో కొందరు స్త్రీలు కలిసి వినియోగదారుల సంఘం పెట్టుకున్నారు. 1970ల మొదట్లో అదే నగరంలో మృణాల్ గోరే, అహల్యా రంగ్నేకర్ వంటివారి నాయకత్వంలో ధరల పెరుగుదలకి వ్యతిరేకంగా వేలాదిమంది గృహిణులు అప్పడాల కర్రలు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. బియ్యం, నూనె, కిరోసిన్ కొనేచోట ఆడవాళ్ళు గట్టిగా మాట్లాడగలరని సమాజం ఒప్పుకుంది. అవి వంటింటి సరుకులు కదా. ఇంజను వున్న వస్తువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన గొంతు మళ్ళీ ఇంకెవరిదో కావాల్సి వస్తోంది.

వారంటీ అంటే ఏమిటి, ఏది కాదు

వారంటీ అనేది కంపెనీ మనకి చేసే దయ కాదు, మనం డబ్బు చెల్లించి కొనుక్కున్న ఒప్పందం. అందుకని దాన్ని ఒప్పందంలాగే చదవాలి, అదీ డబ్బు కట్టకముందే చదవాలి. నేను చదవలేదు. డెలివరీ రోజు పూలదండ, కొబ్బరికాయ, ఫోటోల మధ్య నా చేతిలో పెట్టిన పుస్తకాన్ని డాష్‌బోర్డు అరలో పడేశాను. గొడవ వచ్చాక తీసి చూస్తే ముఖ్యమైనవి నాలుగు విషయాలు కనిపించాయి.

మొదటిది గడువు. ఇన్ని సంవత్సరాలు లేదా ఇన్ని కిలోమీటర్లు, ఏది ముందైతే అది అని వుంటుంది. ఎక్కువ తిరిగేవాళ్ళకి సంవత్సరాల లెక్క కంటే కిలోమీటర్ల లెక్కే ముందు ముగుస్తుంది. రెండోది మినహాయింపులు. క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్లు, వైపరు రబ్బర్లు, బల్బులు లాంటి వాడకంలో అరిగిపోయేవి సాధారణంగా వారంటీలో వుండవు. టైర్లకీ బ్యాటరీకీ వాటిని తయారుచేసిన కంపెనీల వారంటీ వేరుగా వుంటుంది. ఏ లోపాన్నయినా ఈ 'అరిగిపోయే' జాబితాలోకి తోసెయ్యటం సర్వీస్ సెంటర్‌కి సులువు. నా విషయంలో జరిగింది అదే. మూడోది షరతులు. సర్వీసు వేళకి చేయించకపోయినా, బయట వైరింగు కోయించి మ్యూజిక్ సిస్టమ్ పెట్టించినా, ఆ వంకతో వారంటీ నిరాకరిస్తారు. నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది, కంపెనీ ఏం చేస్తానని మాట ఇచ్చిందన్నది. చాలా వారంటీ కాగితాల్లో వుండేది లోపమున్న భాగాన్ని బాగుచెయ్యటం లేదా మార్చటం అని మాత్రమే. కారునే మారుస్తామని ఎక్కడా వుండదు. క్లచ్ లోపం వున్న ఒక కారు విషయంలో 2006లో సుప్రీంకోర్టు ఈ తేడానే పట్టించుకుంది. భాగం మార్చటం వారంటీ బాధ్యత అయినంతమాత్రాన మొత్తం వాహనాన్ని మార్చి ఇవ్వమనలేమని చెప్పింది.

బయటి మెకానిక్ దగ్గరికి వెళితే వారంటీ మొత్తం పోతుందని బెదిరిస్తూ వుంటారు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ పద్నాలుగు కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వులో ఇలాంటి గంపగుత్త షరతు పెట్టకూడదని చెప్పింది. బయట చేసిన తప్పు పనివల్ల ఎంత నష్టం జరిగిందో అంతవరకే వారంటీ నిరాకరించవచ్చని ఆదేశించింది. ఆ ఉత్తర్వు మీద కంపెనీలు పైకి వెళ్ళాయి, ఏళ్ళ తరబడి కోర్టుల్లో తిరిగింది. అయినా "ఏ పని వల్ల ఏ భాగం చెడిందో రాసి ఇవ్వండి" అని అడగటానికి ఆ సూత్రం మనకి పనికొస్తుంది.

అసలు వారంటీ కాగితంలో రాసినదే మన హక్కుల హద్దు అనుకోవటం కూడా పొరపాటు. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోనే, కొనేవాళ్ళు తమ అవసరం చెప్పి అమ్మేవాళ్ళ పరిజ్ఞానం మీద ఆధారపడి కొన్నప్పుడు వస్తువు ఆ అవసరానికి తగినట్టు వుండాలనే షరతు కొన్ని పరిమితులతో వుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం లోపమున్న వస్తువునీ, లోపభూయిష్టమైన సేవనీ, అనుచిత వ్యాపార పద్ధతినీ వేరువేరుగా చెప్పింది. బిల్లు ఇవ్వకపోవటం కూడా ఇందులో అనుచిత వ్యాపార పద్ధతే. తమ్ముడి ఫోన్‌తో నాకు జరిగిన మరమ్మతుకి కాగితం లేదని నేను సంతోషించాను కూడా! డబ్బు తీసుకోలేదు కదా అని.

కాగితమే మన సాక్షి

రెండోసారి నేను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. చెయ్యాల్సినవన్నీ స్నేహితురాలు ఒక చిన్న కాగితం మీద రాసిచ్చింది. వాటినే ఇక్కడ చెబుతున్నాను.

సర్వీస్ సెంటర్‌లో బండి అప్పగించినప్పుడు జాబ్ కార్డు రాస్తారు. అందులో మన ఫిర్యాదు మన మాటల్లోనే వుండాలి. "క్లచ్ చెక్ చెయ్యాలి" అని వాళ్ళు రాస్తుంటే నేను ఆపి, "చల్లగా వున్నప్పుడు రెండో గేరు వేస్తే గరగర చప్పుడు" అని రాయించాను. తేదీ, తిరిగిన కిలోమీటర్లు వున్నాయో లేదో చూసి, నకలు తీసుకున్నాకే బయటికి వచ్చాను. బండి తిరిగి తీసుకునేటప్పుడు ఏం చూశారో, ఏం చేశారో అదే కార్డుమీద రాయమన్నాను. "లోపమేమీ లేదు" అని రాశారు. అది కూడా మంచిదే. చప్పుడు మళ్ళీ వచ్చినప్పుడు ఆ మాటే వాళ్ళకి అడ్డం పడింది. వారంటీ గడువులోపల ఫిర్యాదు నమోదైవుంటే, మరమ్మతు సాగదీసి గడువు దాటించినా మన వాదనకి ఆధారం వుంటుంది.

ఆ తర్వాత డీలరుకీ, కంపెనీకీ రెండు ఉత్తరాలు రసీదు వచ్చేలా రిజిస్టర్ పోస్టులో పంపాను. జాబ్ కార్డుల నకళ్ళు జత చేశాను. ఒక పేజీ మించకుండా, కోపం లేకుండా, తేదీలతో రాశాను. నాతోపాటు తెల్లవారుజామున ఇంజను చల్లగా వున్నప్పుడు కూర్చుని చప్పుడు విని, విన్నది రాసి ఇవ్వాలని అడిగాను. పదిరోజుల్లో కంపెనీ తరపున ఒక ఇంజనీరు వచ్చాడు. రెండో గేరు వేశాను. ఆయన మొదటిసారికే విన్నాడు. లోపం క్లచ్‌లో కాదు, గేరు బాక్సు లోపలి సింక్రనైజర్ రింగులో వుందని తేలింది. వారంటీ కింద పైసా తీసుకోకుండా మార్చారు. క్లచ్ ప్లేటు మార్చాల్సిన అవసరం రానేలేదు. నా కాలికి వచ్చిన చెడ్డపేరు గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

నా గొడవ కమిషన్ దాకా వెళ్ళలేదు. వెళ్ళాల్సి వస్తే తెలిసివుండాల్సిన సంగతులు ఇవి. 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ది. అక్కడ తీర్పు ఇవ్వరు గానీ ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు రాబట్టటానికి ప్రయత్నిస్తారు. అది కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకూ వుంటే జిల్లా కమిషన్‌కే వెళ్ళవచ్చు. 5 లక్షల వరకూ ఫీజు లేదు. 5 నుంచి 10 లక్షల వరకూ 200 రూపాయలు, 20 లక్షల వరకూ 400. లాయరు తప్పనిసరి కాదు. కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్ళలోపల ఫిర్యాదు చెయ్యాలి. 2019 చట్టంలో వచ్చిన మంచి మార్పు ఏమిటంటే, మనం వుంటున్న చోటో పనిచేస్తున్న చోటో ఫిర్యాదు వెయ్యవచ్చు. పెళ్ళివల్లో, బదిలీవల్లో, విడిపోవటంవల్లో వూరు మారిన స్త్రీకి ఇది చాలా పెద్ద వెసులుబాటు.

డీలరునీ, తయారీదారునీ ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చటం మర్చిపోకూడదు. 2009లో తయారైన బండిని 2011లో కొత్తదిగా అమ్మిన గోవా కేసులో, డీలరు చేసిన పని తయారీదారుకి తెలుసని రుజువు కాలేదు కాబట్టి తయారీదారుకి బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. ఎవరి తప్పుకి వాళ్ళే జవాబుదారులు. అందుకే కొనేటప్పుడే ఫారం 21 అనే అమ్మకపు సర్టిఫికెట్‌లో తయారైన నెల, సంవత్సరం చూసుకోవాలి. ఛాసిస్ నంబరు బండిమీద వున్నదీ కాగితంమీద వున్నదీ ఒకటేనా అని సరిచూసుకోవాలి. బిల్లులో వున్న ప్రతి వరుసకీ అర్థం అడగాలి. ఇన్సూరెన్సు డీలరు దగ్గరే తీసుకోవాలని నిర్బంధం లేదు. ఎక్స్‌టెండెడ్ వారంటీ అమ్మజూపితే, దాని వెనక నిలబడేది తయారీదారా, ఇంకెవరైనానా, ఏ భాగాలకి వర్తిస్తుంది అని అడిగి, కాగితం చూశాకే డబ్బు కట్టాలి.

లోపం వుందని రుజువు చెయ్యాల్సిన భారం చాలావరకు కొన్నవాళ్ళ మీదే పడుతుంది. అవసరమైతే కమిషన్ ప్రయోగశాల పరీక్షకి పంపవచ్చు. నోటీసు అందినప్పటి నుంచి మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చటానికి ప్రయత్నించాలని చట్టంలో వుంది. ఆచరణలో ఈ గడువులు చాలాసార్లు దాటిపోతాయి. ఈ మాట దాచి మీకు ధైర్యం చెప్పటం నిజాయితీ కాదు. అయితే 2022లో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని కారు కేసు అది. దెబ్బ చాలినంత వేగంతో తగల్లేదని కంపెనీ వాదించింది. వేగాన్నీ, బలాన్నీ లెక్కగట్టే భౌతికశాస్త్ర నిపుణత కొనుక్కున్నవాళ్ళకి వుండనక్కర్లేదని కోర్టు చెప్పింది. "మీకు అర్థం కాదు మేడమ్" అనే మాటకి ఇంతకంటే మంచి జవాబు నాకు ఎక్కడా దొరకలేదు. అర్థం కావలసిన అవసరం నాకు లేదు. అర్థమయ్యేలా చెయ్యవలసిన బాధ్యత అమ్మినవాళ్ళది.

కారు ఎవరి పేరు మీద?

కొన్నవాళ్ళే కాదు, కొన్నవాళ్ళ అనుమతితో వాడేవాళ్ళు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. భర్త పేరుమీద వున్న కారు నడుపుతున్న స్త్రీ "నాకేం హక్కు వుంది" అని వెనక్కి తగ్గనక్కర్లేదు. అలాగే కుటుంబాన్ని పోషించుకోవటానికి స్వయం ఉపాధిగా క్యాబో, ఆటోనో కొనుక్కున్న స్త్రీకి, "ఇది వ్యాపారం, మీరు వినియోగదారు కాదు" అని చెబితే అది తప్పు. జీవనోపాధి కోసం తానే నడుపుకునే వాహనాన్ని చట్టం వ్యాపార ప్రయోజనం కింద లెక్కించదు.

ఇంకో సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో మధ్యతరగతి ఇళ్ళలో ఆడపిల్ల కోసం కొనే మొదటి కారు, ఆ పిల్ల ఎప్పుడూ నడపని కారు. తండ్రి డబ్బు, అల్లుడి పేరు. కట్నం ఇవ్వటం, పుచ్చుకోవటం 1961 చట్టం ప్రకారం నేరమనీ, పుచ్చుకున్నదాన్ని ఆమెకి అప్పగించాలనీ తెలిసి కూడా చేస్తాం. ఆ బండి చెడిపోతే నాసిరకం బండి ఇచ్చారని అత్తింట్లో దెప్పుళ్ళు పడేది ఆమె. షోరూమ్‌లో నిలబడి అడిగే హక్కు మాత్రం ఆమెదని ఎవరికీ తోచదు. వస్తువు ఆమె కోసమన్నారు, లోపం ఆమె ఖాతాలో వేశారు, కాగితం మాత్రం ఇంకొకరి చేతిలో వుంది. వినియోగదారుల హక్కులూ స్త్రీల ఆస్తి హక్కులూ వేరువేరు విషయాలని ఇంకా ఎవరైనా అంటే, నాకీ దృశ్యం గుర్తొస్తుంది.

తమ్ముడి మీద నాకు కోపం లేదు. వాడు ప్రేమతోనే ఫోన్ చేశాడు. కానీ ఆ ఫోన్ వల్ల ఏం జరిగిందో ఆలోచిస్తే బాధ కలుగుతుంది. నా లోపమున్న కారు రికార్డులోకి ఎక్కలేదు. నాకు చెప్పిన అబద్ధం అబద్ధంగా తేలలేదు. నా తర్వాత అదే చప్పుడుతో అక్కడికి వెళ్ళే స్త్రీకి, ఫోన్ చేసే తమ్ముడు లేని స్త్రీకి, నా వల్ల పనికొచ్చే ముక్క ఒక్కటీ మిగల్లేదు. ఒకే రకం లోపం గురించి చాలా ఫిర్యాదులు నమోదైతే ఆ వాహనాలని వెనక్కి పిలిపించే అధికారం 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. నమోదుకాని ఫిర్యాదులు ఆ లెక్కలోకి రావు. మగవాళ్ళ పలుకుబడితో గుట్టుగా పరిష్కారమైన ప్రతి గొడవా ఆ లెక్కలోంచి ఒక అంకెని తీసేస్తుంది.

కిందటి నెల సర్వీసుకి వెళ్ళినప్పుడు నా ముందు ఒక చిన్నపిల్ల, ఇరవై అయిదేళ్ళు వుంటాయేమో, కౌంటరు దగ్గర నిలబడివుంది. "నాన్నగారిని ఒకసారి రమ్మనండి" అంటున్నారు ఆమెతో. ఆమె ఫోన్ తీసింది. నేను వెళ్ళి పక్కన నిలబడి, "ముందు జాబ్ కార్డు రాయించు తల్లీ, నాన్నగారికి తర్వాత చేద్దువుగాని" అన్నాను. ఆమె నావైపు ఒక క్షణం చూసి, ఫోన్ బ్యాగులో పెట్టేసింది. పెన్ను అడిగింది.